మిర్చి లారీ ఢాకా దాకా ఎందుకు పోదు?

"మాది పల్నాడులో రైతుల సంఘం. ఎండుమిర్చి బంగ్లాదేశ్‌కి మేమే పంపుదామనుకుంటున్నాం. 2015లోనే నాలుగు దేశాలు లారీల రాకపోకలకి సంతకాలు పెట్టాయంటున్నారు. మరి మా ఊళ్లో లోడెత్తిన బండి ఢాకా వెళ్లి దించి రావడానికి అడ్డేంటి?" అని అడిగారు.

గుంటూరు యార్డు దగ్గర ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో గుమాస్తాగా చేరి, ఇరవై రెండేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. బంగ్లాదేశ్, నేపాల్ లోడ్లు చూస్తాను. మీ ప్రశ్నకి రెండు ముక్కల్లో జవాబు చెప్పొచ్చు. కానీ ఆ రెండు ముక్కలు నమ్ముకుని సంఘం డబ్బు పెడితే దెబ్బతింటారు. అందుకని కాస్త ఓపిగ్గా చదవండి.

సరిహద్దు దగ్గర సరకుకి తలుపు తెరిచారు, బండికి తెరవలేదు. మీ మిర్చికి ఎల్‌సి (కొనేవాడి బ్యాంకు డబ్బుకి ఇచ్చే హామీ పత్రం) వచ్చి, ఫైటో సర్టిఫికెట్ (సరకుకి పురుగూ తెగులూ లేవని ఇచ్చే కాగితం) చేతికొచ్చి, షిప్పింగ్ బిల్లు (కస్టమ్స్‌కి ఇచ్చే ఎగుమతి పత్రం) పాసైతే సరకు బంగ్లాదేశ్ వెళ్తుంది. లారీ మాత్రం కార్‌పాస్ (బండి దాటడానికి ఇచ్చే తాత్కాలిక అనుమతి) మీద జీరో పాయింట్ (సరిహద్దు గీత) దాటి, అవతలి వైపున్న బేనాపోల్ యార్డు వరకే. అక్కడ దించేసి ఖాళీగా వెనక్కి రావాలి. అక్కణ్ణించి ఢాకా కిరాయి వాళ్ల ట్రక్కుది. బండి మారే ఆ ఒక్క చోటే మన సొమ్మూ, రోజులూ, సరకు రంగూ పోతున్నాయి.

ఎలా పోతాయో చెప్తాను. గుంటూరులో బయల్దేరిన లారీ విజయవాడ, విశాఖ, భువనేశ్వర్ మీదుగా మూడో రోజుకో నాలుగో రోజుకో కోల్‌కతా చేరుతుంది. అక్కణ్ణించి మన వైపు సరిహద్దు ఊరు పెట్రాపోల్ 80 కిలోమీటర్లు. అంత దూరం ఆగకుండా లాగిన బండి, బొంగావ్ దగ్గర పార్కింగ్‌లో నిలబడిపోతుంది. సరిహద్దు ఇంకా ఐదారు కిలోమీటర్లే ఉంటుంది.

నేను మొదటిసారి అక్కడికి వెళ్లింది 2009లో. మా లోడు తీసుకెళ్లిన డ్రైవర్‌ది నరసరావుపేట దగ్గర పల్లె. నేను వెళ్లేసరికి అతనికి అక్కడ తొమ్మిదో రోజు. లారీ నీడన గోనె పరుచుకుని, క్లీనరూ తనూ కిరోసిన్ స్టవ్ మీద అన్నం వండుకుంటున్నారు. ఇంటి నుంచి తెచ్చుకున్న గోంగూర పచ్చడి సీసా అడుగంటింది. "గుమాస్తాగారూ, నిన్నంతా మన వరస బండి పొడుగంత కూడా కదల్లేదండీ" అన్నాడు. రోజూ పొద్దున్నే పట్టా అంచు ఎత్తి, టిక్కీ (మిర్చి బస్తా)లోకి వేళ్లు పోనిచ్చి నాలుగు కాయలు తీసి చెవి దగ్గర ఆడించి చూసేవాడు. ఎండిన కాయ గలగలలాడాలి. ఆ రోజు నా చేతిలో పెట్టిన కాయ గలగలలాడలేదు, మెత్తగా వంగింది. మన ఎండలో పది రోజులు కళ్లంలో ఆరబెట్టింది బెంగాల్ గాలికి ఒక్క వారంలో తేమ పట్టేసింది.

ఆ తర్వాత అవతల యార్డులో దింపుడు. కూలీలు ముక్కుకి గంఛాలు (తువ్వాళ్లు) కట్టుకుని, కొక్కేలతో టిక్కీలు లాగి, మన లారీలోంచి పక్కనున్న ట్రక్కులోకి మార్చారు. కొక్కెం పడిన ప్రతి చోటా గోనె చిరిగి కాయ రాలుతుంది. ఘాటుకి వాళ్లకి తుమ్ములు, కళ్లలో నీళ్లు. వాళ్ల కష్టం చూస్తే ఎవర్నీ ఏమీ అనబుద్ధి కాదు. మరో ఏడాది జూన్‌లో సగం దించాక వాన దిగింది. రెండు బళ్ల మధ్య కప్పడానికి అక్కడున్న ఏజెంటు పట్టా ఏర్పాటు చేయలేదు. తడిసిన టిక్కీలకి కొన్నవాడు ధర కోసేశాడు. లారీ ఓనర్‌కి హాల్టింగ్ డబ్బు (బండి ఆగిన రోజులకి ఇచ్చేది) మేమే కట్టాం. నష్టం ఎవరిదన్నది తేలనే లేదు. ఇవతలి బండి "నేను పొడిగానే తెచ్చాను" అంది, అవతలి బండి "నాకు తడిసిందే ఎక్కించారు" అంది. బండి మారిన చోట బాధ్యత తెగిపోతుంది. దీని గురించి ఎవరూ మాట్లాడరు గానీ, నా లెక్కలో రోజుల నష్టం కన్నా ఇదే పెద్దది.

ఇది నా ఒక్కడి గోడు కాదు. ప్రపంచ బ్యాంకు 2021లో ఇచ్చిన నివేదికలో పెట్రాపోల్–బేనాపోల్ దాటడానికి 138 గంటలు పడుతుందనీ, అందులో 28 గంటలు ఒక బండి నుంచి ఇంకో బండికి మార్చడానికేననీ లెక్క కట్టారు. తూర్పు ఆఫ్రికాలో ఇంచుమించు ఇంతే రద్దీ ఉన్న సరిహద్దుల్లో ఆరు గంటలు కూడా పట్టదట. మన దేశపు కంపెనీకి పక్కనున్న బంగ్లాదేశ్‌తో వ్యాపారం కన్నా బ్రెజిల్‌తోనో జర్మనీతోనో చేసే వ్యాపారం 15–20 శాతం చవక అని కూడా అందులోనే ఉంది. మ్యాపులో వేలెడు దూరం లేని ఊరికి పంపడం, సముద్రాలు దాటించడం కన్నా ఖరీదు అన్నమాట.

కట్టడాలు రాలేదని కాదు. 2016లో పెట్రాపోల్‌లో ఇంటిగ్రేటెడ్ చెక్‌పోస్టు వచ్చింది. 2022 నుంచి పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం లారీలకి ఆన్‌లైన్‌లో స్లాట్ పెట్టింది. 2024 అక్టోబరులో మైత్రీ ద్వార్ పేరుతో సరకు బళ్లకి వేరే గేటు తెరిచారు. వీటివల్ల వరస నిజంగానే తగ్గింది, 2009 నాటి తొమ్మిది రోజులు ఇప్పుడు మామూలు విషయం కాదు. కానీ గేటు ఎంత వెడల్పు చేసినా దాని వెనక దింపుడు యార్డే ఉంటే మన బండి అక్కడే ఆగుతుంది.

ఇక మీరడిగిన ఒప్పందం దగ్గరికొస్తాను. దీనికి ముందు ఒక సంగతి పట్టుకోవాలి. మీరు మిర్చి అమ్మితే అది సరకు వ్యాపారం. మీ ఊరి లారీ ఓనర్ ఆ మిర్చిని బంగ్లాదేశ్‌లో దారిలో ఉన్న జెస్సోర్ దాటించి ఢాకాలో దించితే, అతను బంగ్లాదేశ్ నేల మీద కిరాయి అనే సేవని అమ్ముతున్నట్టు. సరకుకి కస్టమ్స్ వాళ్లు ఒప్పుకుంటే చాలు. సేవకి అలా కుదరదు. బండికి పర్మిట్ ఒక శాఖ ఇవ్వాలి. డ్రైవర్‌కి పాస్‌పోర్టు, వీసా ఇంకో శాఖ చూడాలి. మన లైసెన్సు అక్కడి పోలీసు ఒప్పుకోవాలి. జెస్సోర్ దగ్గర ఎవరికైనా దెబ్బ తగిలితే మన ఇన్సూరెన్సు అక్కడ చెల్లాలి. బరువు సంగతి మరీ చిక్కు. 2018 జులైలో మన కేంద్రం లారీల యాక్సిల్ లోడు (ఒక్కో ఇరుసు మీద పడే బరువు) పరిమితిని 20–25 శాతం పెంచింది. వాళ్ల వంతెనలకీ రోడ్లకీ వాళ్ల పరిమితి వాళ్లకుంది. ఇక్కడ చట్టం ప్రకారం లోడెత్తిన బండి అక్కడ ఓవర్‌లోడ్ కావచ్చు. రవాణా సేవల్ని సరళీకరించడం అని పెద్ద పేరు పెట్టి చెప్పేది ఇదే. ఇన్ని శాఖలు, రెండు వైపులా, ఒకే బండి గురించి ఒకే మాట మీదికి రావాలి.

2014 నవంబరులో కాఠ్మండూ సార్క్ సమావేశంలో ఎనిమిది దేశాలకీ కలిపి దీన్ని చేద్దామనుకున్నారు. పాకిస్తాన్ ఒప్పుకోలేదు. ఒప్పుకున్నవాళ్లమే చేసుకుందామని బంగ్లాదేశ్, భూటాన్, భారత్, నేపాల్ 2015 జూన్ 15న థింఫూలో సంతకాలు చేశాయి. బీబీఐఎన్ (ఆ నాలుగు దేశాల ఇంగ్లీషు పేర్ల మొదటి అక్షరాలు) మోటారు వాహనాల ఒప్పందం అంటే అదే. అందులో ఉన్నది సబబైనదే. పర్మిట్ ఉన్న బండి సరిహద్దులో సరకు మార్చకుండా, సీలుతో గమ్యం దాకా వెళ్లొచ్చు. కానీ వేరే దేశంలో లోకల్ లోడెత్తి అక్కడే దించకూడదు. అంటే ఢాకాలో దించిన మన లారీ చిట్టగాంగ్‌కి బేరం కట్టుకోకూడదు. అక్కడి లారీ వాళ్ల నోటి దగ్గర కూడు పోకుండా పెట్టిన కట్టడి అది, ఉండాల్సిందే.

ట్రయల్ కూడా జరిగింది. 2015 నవంబరులో కోల్‌కతా నుంచి ఢాకా మీదుగా అగర్తలాకి సరకు బండి వెళ్లింది. మన లారీ సిలిగురి చుట్టూ తిరిగి అగర్తలా చేరాలంటే 1,500 కిలోమీటర్లు పైన, బంగ్లాదేశ్ గుండా వెళ్తే అందులో వెయ్యి కిలోమీటర్ల దాకా కలిసొస్తాయి. 2016లో ఢాకా నుంచి ఢిల్లీకి బండి వచ్చింది. బండి దాటగలదని ఆ రెండు ప్రయాణాలతోనే తేలిపోయింది.

ఆ తర్వాత ఆగింది. మొదట భూటాన్. 2016లో వాళ్ల ఎగువ సభ దీన్ని తోసిపుచ్చింది. పెద్ద దేశాల లారీలు కొండల్లోకి వచ్చిపడితే గాలీ నీరూ ఏమవుతాయి, మా లారీవాళ్ల బతుకేమవుతుంది అని వాళ్ల భయం. మిగతా ముగ్గురూ కానివ్వండని మరుసటేడు వాళ్లే చెప్పారు. ఆ ముగ్గురూ అమలు పద్ధతుల మీద ఒక ఒప్పంద పత్రం ఖాయం చేసుకోవడానికి 2022 మార్చి వచ్చింది. సరకు బళ్ల ప్రోటోకాల్ (వివరమైన నిబంధనల పత్రం) మాత్రం ఇంకా నడిరోడ్డు మీదే ఉంది. అదే ఏడాది జూన్ 25న పద్మ వంతెన తెరిచారు. 6.15 కిలోమీటర్ల వంతెన, ఫెర్రీ కోసం గంటలు గంటలు ఆగే పని లేకుండా బేనాపోల్ వైపు నుంచి ఢాకాకి నేరుగా దారి. ఆ రోజు టీవీలో చూస్తూ, మన డ్రైవర్లు దీని మీద నడిపే రోజు రావాలని గట్టిగా అనుకున్నాను. ఇంకా రాలేదు.

ఎవరు ఆపుతున్నారని మీరు అడగొచ్చు. ఒక విలన్ని చూపించమంటే చూపించలేను. బేనాపోల్ యార్డులో టిక్కీ మోసే కూలీకి ఆ మోతే కూడు. బొంగావ్‌లో పార్కింగ్, టీ బడ్డీలు, లోకల్ బళ్లు ఆ వరస మీద బతుకుతున్నాయి. బంగ్లాదేశ్ ట్రక్కు ఓనర్లకి మన దేశపు బళ్ల సంఖ్య చూస్తే గుండెల్లో దడ. వీళ్లందర్నీ అడ్డంకులు అని కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. ఏడాదికి ఇటు ఇన్ని పర్మిట్లు, అటు సరిగ్గా అన్నే, అని లెక్క రాసుకుని కొద్దిగా మొదలుపెడితే ట్రక్కు ఓనర్ల భయం తగ్గుతుంది. కూలీలకి గోదాముల్లో, ప్యాకింగ్‌లో పని చూపించాకే యార్డు దింపుడు తగ్గించాలి. ఒప్పందాలు రాసేవాళ్ల బల్ల దగ్గర ముఠా మేస్త్రీకి కుర్చీ ఉండదు. కానీ చివరికి ఒప్పందం ఆగేది అతని దగ్గరే.

ఇదంతా విని నిరుత్సాహపడకండి. బండికి దారి ఇచ్చిన చోట ఏం జరిగిందో నా కళ్లతో చూశాను. బీహార్‌లో నేపాల్ సరిహద్దు మీదున్న రక్సౌల్ చూడండి. మన లారీ అక్కడ సరిహద్దు దాటి, భన్సార్ (నేపాల్ కస్టమ్స్) కట్టి, నేపాల్ లోపల గమ్యం దాకా వెళ్లి దించుతుంది. అదే లారీ, అదే డ్రైవర్, అదే ఇన్సూరెన్సు ఆఫీసు. పెట్రాపోల్‌లో అసాధ్యమనిపించేది రక్సౌల్‌లో రోజూ జరుగుతోంది.

మన విశాఖ కథ ఇంకా బాగుంటుంది. నేపాల్‌కి సముద్రం లేదు, దశాబ్దాలుగా కోల్‌కతా, హల్దియా రేవులే ఆధారం. అవి నదిలో రేవులు, లోతు తక్కువ, పెద్ద ఓడలు రాలేవు. 2016లో విశాఖని కూడా వాళ్లకి తెరిచారు. కంటైనర్ విశాఖలో దిగి, రైలెక్కి, నేపాల్‌లోని బీర్‌గంజ్ డ్రై పోర్టు (సముద్రం లేని చోట కంటైనర్లు దించే రేవు)లో ఆగుతుంది. ఆ తర్వాత ఎలక్ట్రానిక్ సీలు పద్ధతి వచ్చింది. కంటైనర్ తలుపుకి తగిలించిన ఆ సీలు అరచేతిలో పట్టేంత ఉంటుంది. బండి ఎక్కడుందో, తలుపు ఎవరైనా కదిపారో అధికారులకి కంప్యూటర్లో కనిపిస్తుంది. అంతకుముందు నేపాలీ వ్యాపారి మన రేవులో ఏజెంటుని పెట్టుకుని, ట్రాన్సిట్ కాగితాలూ బాండూ అన్నీ చూసుకోవాల్సొచ్చేది. ఇప్పుడు దారి పొడుగునా బాధ్యత షిప్పింగ్ లైన్‌ది, అతను తన ఊళ్లోనే క్లియరెన్స్ చేసుకుంటాడు. నేను ఇందాక బాధ్యత తెగిపోతుందన్నానే, దానికి మందు ఇదే. సరకు మొదలైన చోటి నుంచి దిగే చోటు దాకా ఒక్కరే పూచీ పడాలి. సీలు తెగకపోతే మధ్యలో ఎవరికీ దాన్ని విప్పి చూసే అవసరం లేదు.

మీకు నేరుగా పనికొచ్చేది మాత్రం రెడ్డిపాలెం. 2020లో కరోనా వచ్చి రోడ్డు దారి స్తంభించింది. మామూలు గూడ్సు రైల్లో పంపాలంటే ఒక్కసారికి 1,500 టన్నులు పైగా పోగెయ్యాలి, అంత సరకు ఒకేసారి ఎవరి దగ్గరుంటుంది? అప్పుడు రైల్వే వాళ్లు 500 టన్నుల లోపు సరకుకి పార్శిల్ రైలు పెట్టారు. జులైలో గుంటూరు దగ్గర రెడ్డిపాలెం స్టేషన్‌లో 16 పార్శిల్ వ్యాన్లలో 384 టన్నుల ఎండుమిర్చి ఎక్కించి బేనాపోల్ పంపారు. మన దేశం నుంచి పార్శిల్ రైలు సరిహద్దు దాటడం అదే మొదటిసారి. టన్నుకి రైలుకి 4,608 రూపాయలు, రోడ్డు మీదైతే 7,000 దాకా. ఆ రాత్రి టార్చిలైట్లు పట్టుకుని టిక్కీలు లెక్కేస్తుంటే, మాతో పాటు ముఠావాళ్లు కూడా రైలు కదిలేదాకా ప్లాట్‌ఫాం మీదే ఉండిపోయారు. బేనాపోల్లో దించాల్సిందే, అది తప్పదు. కానీ బొంగావ్ వరస లేదు, రెండు నెలల లాక్‌డౌన్ తర్వాత అదే మాకు పెద్ద ఊపిరి.

ఓడ దారి ఒక మాట. 2015 జూన్‌లోనే రెండు దేశాలూ తీర నౌకాయాన ఒప్పందం చేసుకున్నాయి. అంతకుముందు ఇక్కడి కంటైనర్ చిట్టగాంగ్ వెళ్లాలంటే కొలంబోకో సింగపూర్‌కో పోయి ఓడ మారేది. మహాసముద్రాలు దాటే ఓడలు కాకుండా నదీ, తీరమూ రెంటికీ సరిపోయే చిన్న ఓడలకి అనుమతిచ్చారు. ఎదుటి దేశపు ఓడని తమ ఓడలాగే చూడాలని రాసుకున్నారు. 2016 మార్చిలో ఆ ఒప్పందం కింద చిట్టగాంగ్ నుంచి బయల్దేరిన మొదటి ఓడ, హార్బర్-1, వచ్చింది మన కృష్ణపట్నానికే. చూశారా, లారీకి ఇవ్వని మర్యాద అదే ఏడాది ఓడకి ఇచ్చుకున్నారు. ఓడల విషయంలో అటూ ఇటూ పోటీపడేవాళ్లు తక్కువ, అందుకని త్వరగా తేలింది.

ఇప్పటి పరిస్థితి మాత్రం దాచకుండా చెప్పాలి. 2025 ఏప్రిల్‌లో మన ప్రభుత్వం, బంగ్లాదేశ్ సరకు మన రేవులూ విమానాశ్రయాల మీదుగా వేరే దేశాలకి వెళ్లే వెసులుబాటు తీసేసింది. అదే నెలలో వాళ్లు భూమార్గంలో మన నూలు దిగుమతి ఆపారు. మే 17న మనం వాళ్ల రెడీమేడ్ దుస్తులు భూమార్గంలో రాకుండా ముంబై దగ్గరి నవా షేవా, కోల్‌కతా రేవులకే పరిమితం చేశాం. పదేళ్లు కూడబెట్టుకున్న నమ్మకం రెండు నెలల్లో కరిగిపోవడం చూస్తే నిజంగా బాధేసింది. ఎవరిది తప్పు అన్న వాదనలోకి నేను పోను. లారీ దారి పూర్తిగా నోటిఫికేషన్ల మీద నడుస్తోందని మీరు గుర్తుంచుకుంటే చాలు. లోడు దారిలో ఉండగా నోటిఫికేషన్ మారితే బండి బొంగావ్‌లో ఇరుక్కుంటుంది.

కాబట్టి మీ సంఘం ఏం చేయాలో నా అనుభవం మీద చెప్తాను. ఐఈసీ (ఎగుమతి-దిగుమతి కోడ్ నంబరు), స్పైసెస్ బోర్డు రిజిస్ట్రేషన్ ముందు తీసుకోండి. కొనేవాడి దిగుమతి అనుమతి, ఎల్‌సి కాపీ చేతికి రాకుండా కోల్డ్ స్టోరేజీ నుంచి ఒక్క టిక్కీ కూడా కదల్చకండి. "వారంలో వచ్చేస్తుంది, బండి బయల్దేరదీయండి" అని ఫోన్లో అంటారు, వినకండి. బేరం రాసుకునేటప్పుడు మీ పూచీ బేనాపోల్లో దింపేవరకా, ఢాకా వరకా అన్నది కాగితం మీద స్పష్టంగా ఉండాలి. మొదటి ఏడాది బేనాపోల్ దాటి పూచీ పడొద్దు. ఇన్సూరెన్సులో బండి మార్చే దశ కూడా కవరయ్యేలా రాయించుకోండి, అడక్కపోతే రాయరు. లారీ ఓనర్‌తో హాల్టింగ్ ఎన్నో రోజు నుంచి, రోజుకి ఎంత అన్నది ముందే తేల్చుకోండి. గోనెలు కొత్తవి వాడండి, పాత గోనెకి కొక్కెం పడితే చినగడమే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా లారీలో పంపకుండా ఉండగలిగితే మేలు.

మీ ఒక్క సంఘం సరకు ఒకటి రెండు లారీలకి మించకపోతే, ముందు ఆ దారిలో పాతుకుపోయిన ఎగుమతిదారు లోడుతో కలిపి పంపి చూడండి. పక్క సంఘాలు నాలుగైదు కలిసి మూడు నాలుగొందల టన్నులు ఒకే రకం, ఒకే తేదీకి పోగెయ్యగలిగితే మాత్రం లారీ ఆలోచన పక్కన పెట్టి గుంటూరు రైల్వే డివిజన్ వాణిజ్య విభాగానికి వెళ్లి పార్శిల్ రైలు గురించి అడగండి. వెళ్లేటప్పుడు రకం, బరువు, కొనేవాడి ఎల్‌సి వివరాలు ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఆ కాగితంలో ఏం రాయాలో తెలియకపోతే ఇక్కడే అడగండి, నేను రాసిపెడతాను.